జానెడు మేరలో విమానం ప్రాణం

ఇంటి గ్యారేజీలో సొంతంగా కట్టుకున్న విమానానికి చిన్న మార్పు చేసినా దాని తూకం కదులుతుంది. బరువు తగ్గించి కూడా ప్రమాదం తెచ్చుకోవచ్చు.

1904 వేసవి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణానికి దగ్గర్లో హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చిక బీడు. ముందు ఏడాది డిసెంబర్ 17న కిట్టీ హాక్ ఇసుక నేల మీంచి మొదటిసారి గాల్లోకి లేచిన రైట్ సోదరులు ఇక్కడ రెండో విమానంతో కుస్తీ పడుతున్నారు. లేచిన విమానం తిన్నగా సాగడం లేదు. ముక్కు పైకి లేస్తుంది. దించితే అవసరానికి మించి దిగుతుంది. మళ్లీ ఎత్తాలి. అలా ఎగుడుదిగుడుగా పోయి ఎక్కడో నేలకు తగులుతుంది.

బరువుల అమరిక మార్చి చూశారు. చివరికి విమానం ముందు భాగాన 70 పౌండ్ల ఇనుము కట్టారు. అంటే దాదాపు 32 కిలోలు. వాళ్ల తొలి విమానం, మనిషి ఎక్కక ముందు, మొత్తం తూగింది 274 కిలోలే. బరువు తగ్గించుకోవడానికి ఇంజన్‌ను అల్యూమినియంతో పోత పోయించుకున్న మనుషులు, ఏ పనీ చేయని ఇనుమును కోరి మోసుకెళ్లారు. ఆ మరుసటి ఏడాది, ముక్కును ఎత్తి దించే పలకను, అంటే ముందున్న ఎలివేటర్‌ను పెద్దది చేసి, ఇంకా ముందుకు జరిపారు. 1905 అక్టోబర్ 5న ఆ విమానం ఆగకుండా 39 నిమిషాలు ఎగిరింది.

కట్టిందీ, తూచిందీ, మార్చిందీ, ఎగిరిందీ ఆ ఇద్దరు అన్నదమ్ములే. ఆ లెక్కన లోకంలో మొదటి విమానం ఇంట్లో కట్టుకున్న విమానమే. దానికి ఎదురైన మొదటి పెద్ద చిక్కుల్లో ఒకటి తూకానిది. నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా, గ్యారేజీలో విమానం కట్టుకుంటున్న ప్రతి ఒక్కరి ముందూ అదే చిక్కు కూర్చుని ఉంది.

అడిగే వాళ్లు లేని చోట

అమెరికాలో సొంతంగా విమానం కట్టుకోవడం చట్టం ఒప్పుకున్న సరదా. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే, నేర్చుకోవడానికో తృప్తికోసమో చేసి ఉంటే, ప్రభుత్వం దాన్ని ‘ఎక్స్‌పెరిమెంటల్’ కోవలో నమోదు చేస్తుంది. పాల్ పోబెరెజ్నీ 1953లో విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వీళ్లందరికీ పెద్దదిక్కు. ఏటా జులై చివర్లో ఆష్‌కాష్ పట్టణంలో ఆ సంఘం జరిపే వేడుకకు చుట్టుపక్కల దిగే విమానాలు 10 వేల దాకా ఉంటాయి. వాటిలో ఇంట్లో కట్టినవి ఎక్కువగా రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ రూపకల్పన చేసిన ‘ఆర్‌వీ’ రకాలు. ఆరిగాన్‌లోని ఆయన సంస్థ విడిభాగాలు పెట్టెల్లో పంపిస్తే, కొన్నవాళ్లు రివెట్లు కొట్టి కట్టుకుంటారు. ఇప్పటికి 11 వేలకు పైగా ఆర్‌వీలు గాల్లోకి లేచాయి.

ఫ్యాక్టరీ విమానం కొన్న మనిషి అందులో ప్రొపెల్లర్ మార్చాలంటే ఆమోదం పొందిన భాగం, అర్హత ఉన్న మెకానిక్, సంతకాలు, పత్రాలు ఉండాలి. ఇంట్లో కట్టుకున్న వాడికి ఆ తతంగం చాలా మటుకు లేదు. ఇంజన్ మార్చుకోవచ్చు, బ్యాటరీ ఇంకో చోట పెట్టుకోవచ్చు, తోక దగ్గర కొత్త పరికరం బిగించుకోవచ్చు. ఈ స్వేచ్ఛ నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. విమానయానంలో ఎన్నో కొత్త ఆలోచనలు ముందుగా ఈ గ్యారేజీల్లోనే రెక్కలు తొడుక్కున్నాయి. కానీ అడిగే అధికారి లేనప్పుడు, ఆ అధికారి అడగాల్సిన ప్రశ్నలన్నీ కట్టినవాడే తనను తాను అడుక్కోవాలి. ఎంత బరువు పెరిగింది? ఏ చోట పెరిగింది? దాంతో మొత్తం విమానం మొగ్గు ఎటు జరిగింది?

మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. ప్రాణాల మీదికి వచ్చేది మాత్రం తర్వాతి రెండింటితో.

కాడి మీద బరువు

ఎద్దుబండికి సరుకు ఎత్తే రైతుకు ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. బస్తాలన్నీ ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి పేరిస్తే నొగలు పైకి లేచి మెడతాళ్లు గొంతులకు బిగుస్తాయి. ఇరుసుకు రవ్వంత ముందుకు మొగ్గు ఉండేలా సర్దితేనే బండి హాయిగా సాగుతుంది. అవే బస్తాలు, అదే బండి. తేడా అంతా పేర్చిన చోటులో ఉంది.

విమానం బరువంతా ఒక్క బిందువు దగ్గర పోగైనట్టు లెక్కగట్టే ఆ చోటును గురుత్వ కేంద్రం అంటారు. విమానాల వాళ్ల నోట అది ‘సీజీ’. మామూలు విమానాల్లో ఈ సీజీ, రెక్కలు ఎత్తే బలానికి కొంచెం ముందు ఉంటుంది. అందువల్ల ముక్కు కిందికి వాలబోతుంది. తోక దగ్గరి చిన్న రెక్క కిందికి నొక్కుతూ దాన్ని సరిచేస్తుంటుంది. గాలి తోపుకు ముక్కు లేచినా ఈ అమరిక వల్ల తనంతట తానే సర్దుకుంటుంది.

సీజీ వెనక్కి జరిగేకొద్దీ ఆ సర్దుకునే గుణం సన్నగిల్లుతుంది. ఒక గీత దాటాక అసలే ఉండదు. లేచిన ముక్కు ఇంకా లేస్తూ పోతుంది.

ఏ విమానానికైనా సీజీ ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఉండొచ్చు అని రూపకర్త హద్దులు గీస్తాడు. ఆర్‌వీ-7 రెక్క వెడల్పు, ముందంచు నుంచి వెనకంచుకు, 58 అంగుళాలు. అందులో ముందంచు నుంచి 15 శాతం దగ్గర ముందు హద్దు, 29 శాతం దగ్గర వెనక హద్దు. రెండింటి మధ్య దూరం 8 అంగుళాల చిల్లర. జానెడు కూడా పూర్తిగా లేదు. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకులు, సామాన్లు, 816 కిలోల దాకా తూగే విమానం, అన్నీ కలిసి వాటి కేంద్రం ఎప్పుడూ ఆ జానెడు లోపలే నిలవాలి. ఇంధనం కాలుతూ తగ్గిపోతున్నా సరే.

తూకం వేసే రోజు

తూకం అంటే చక్రాల కింద కాటాలు పెట్టడమే కదా అనిపిస్తుంది. పని దానికి ముందే మొదలవుతుంది. హ్యాంగర్ తలుపులు మూయాలి. చిన్న గాలి వీచినా రెక్కలు కాస్త ఎత్తుతాయి, తూకం తగ్గి కనిపిస్తుంది. ఇంజన్‌లో ఆయిల్ నిండుగా ఉండాలి. ట్యాంకుల అడుగున ఎలాగూ వాడుకోలేని ఇంధనం తప్ప మిగతాదంతా తోడేయాలి. సీట్ల వెనక మరిచిపోయిన రెంచీలు, గుడ్డలు, ఆయిల్ డబ్బాలు ఏరి బయట పెట్టాలి. తోక చక్రం ఉన్న విమానమైతే దాని తోకను ఎత్తి, గాల్లో ఎగిరే భంగిమలో నిలపాలి. అందుకు పెట్టిన స్టూలు బరువును తర్వాత మినహాయించాలి.

అప్పుడు మూడు చక్రాల కింద మూడు కాటాలు. చాలామంది రేసు కార్ల తూకానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాలు తెచ్చుకుంటారు. స్నానాల గదిలో వాడే కాటాలతో పని కానిచ్చే వాళ్లూ లేకపోలేదు. అది నాకు నచ్చని పొదుపు. ఏళ్ల తరబడి విమానం కట్టి, దాని మీద వేసే ప్రతి లెక్కకూ పునాది అయిన అంకెను ఉజ్జాయింపుగా తీసుకోవడం ఎందుకు?

బరువుతో పాటు దూరాలు కూడా కొలవాలి. విమానం ముందు ఎక్కడో ఒక ఊహాగీతను ‘డేటమ్’ అని నిర్ణయిస్తారు. మేస్త్రీలు గోడ నిలువు చూసే తూకపు గుండునే ఇక్కడా వాడి, ప్రతి చక్రం నడిమి బిందువునూ నేల మీద గుర్తు పెట్టి, డేటమ్ నుంచి అది ఎంత దూరమో టేపుతో కొలుస్తారు. ఆ దూరం ‘ఆర్మ్’. బరువును ఆర్మ్‌తో గుణిస్తే ‘మూమెంట్’. మూడు చక్రాల మూమెంట్లనూ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే సీజీ ఎక్కడుందో తేలుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల లెక్క. దాన్ని ఎప్పటికప్పుడు చేయడమే కష్టం.

14 కిలోలు తగ్గిన విమానం

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఏ ఒక్క విమానానివీ కావు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఆర్‌వీ లాంటి దాని కొలతలకు దగ్గరగా, సులువుగా ఉండేలా వేసుకున్నవి.

డేటమ్ రెక్క ముందంచుకు 150 సెంటీమీటర్లు ముందు ఉంది. సీజీ హద్దులు 172 నుంచి 193 సెంటీమీటర్లు. ఖాళీ విమానం 500 కిలోలు, దాని సీజీ 174 దగ్గర. ఇద్దరు మనుషులు కలిపి 160 కిలోలు, సీట్లు 220 దగ్గర. ఇంధనం 100 కిలోలు, ట్యాంకులు 175 దగ్గర. సామాన్లు 30 కిలోలు, అర 294 దగ్గర. అన్నీ కూడితే 790 కిలోలు, సీజీ 188. భేషుగ్గా ఉంది. 80 కిలోల ఇంధనం కాలాక సీజీ 189.5కు జరుగుతుంది. ఇంధనం సీజీకి ముందు ఉంది కాబట్టి, అది తగ్గినకొద్దీ మొగ్గు వెనక్కి పోతుంది. ఇప్పటికీ హద్దులోనే ఉన్నాం.

యజమాని విమానాన్ని తేలిక చేయాలనుకున్నాడు. మంచి ఆలోచనే. బరువైన లోహపు ప్రొపెల్లర్ తీసి తేలికైన కాంపోజిట్‌ది పెట్టాడు. ముక్కు కొసన, 10 సెంటీమీటర్ల దగ్గర, 12 కిలోలు తగ్గాయి. ఇంజన్ వెనక గోడకు, 80 దగ్గర, ఉన్న 7 కిలోల సీసం బ్యాటరీ బదులు 2 కిలోల లిథియం బ్యాటరీ పెట్టాడు. ఇంకో 5 కిలోలు తగ్గాయి. ఆటోపైలట్‌కు కావలసిన 3 కిలోల సామగ్రిని సామాన్ల అర వెనక, 380 దగ్గర, బిగించాడు. మొత్తం మీద విమానం 14 కిలోలు తేలికైంది. ఎవరైనా సంతోషించే మార్పే.

ఇప్పుడు ఖాళీ విమానం సీజీ 174 నుంచి 180.3కు పోయింది. ఆరు సెంటీమీటర్లకు పైగా. అదే మనుషులు, అదే ఇంధనం, అదే సామానుతో లేచేటప్పుడు సీజీ 192.2. హద్దు 193 కదా, లోపలే ఉంది. కాగితం మీద లెక్క ఇక్కడితో ఆపినవాడు నిశ్చింతగా బయల్దేరతాడు. 80 కిలోల ఇంధనం కాలాక సీజీ 194.2. హద్దు దాటింది. ఇది తెలిసేది ప్రయాణం చివర్లో, అలసిన పైలట్ వేగం తగ్గించి నేలకు దగ్గరగా మలుపు తిరిగే వేళ.

అందుకే లెక్క లేచేటప్పటిదొక్కటే వేస్తే చాలదు. దిగేటప్పటిది, ఒక్కడే ఎగిరేటప్పటిది, సన్నటి పైలట్‌తో, భారీ పైలట్‌తో, ట్యాంకులు నిండుగా, ట్యాంకులు అడుగంటి, ఇలా అన్ని కొసలూ చూడాలి. మంచి బిల్డర్లు మార్పు చేయకముందే ఇది కాగితం మీద వేసుకుంటారు. ఏ వస్తువునైనా బిగించే ముందు కాటా మీద పెడతారు. తీసేసినదాన్ని కూడా తూచి రాసుకుంటారు. కేటలాగులో రాసిన బరువులో బోల్టులు, వైర్లు, బిగింపు ముక్కలు ఉండవు.

పై విమానానికి మందేమిటి? సామాన్ల అరలో 30 బదులు 20 కిలోలకు మించొద్దని రాసి అంటించుకుంటే దిగేటప్పటి సీజీ 192.7కు వస్తుంది. అంటే హద్దు అంచున నిలబడ్డట్టే. ముక్కులో 30 దగ్గర 8 కిలోల సీసం కడితే 192.3కు వస్తుంది. పొదుపు చేసిన 14 కిలోల్లో సగానికి పైగా సీసం రూపంలో తిరిగొచ్చింది. రైట్ సోదరుల ఇనుము కథ ఇదే. నా ఓటు మాత్రం మూడో దారికి. ఆటోపైలట్ సామగ్రిని వెనక బిగించకముందే ముందుకు తేవడానికి చోటు వెతకాలి, ప్రొపెల్లర్ ఎంపికనూ దానితో కలిపి ఆలోచించాలి. ఏ పనీ చేయని బరువు మోయడం కంటే పనికొచ్చే బరువును సరైన చోట పెట్టడం ఎప్పుడూ మేలు.

వెనక మొగ్గు ఎందుకంత భయం

సీజీ ముందుకు మరీ పోతే ఇబ్బందే. దిగేటప్పుడు ముక్కు ఎత్తడానికి ఎలివేటర్ శక్తి చాలదు, ముందు చక్రం నేలకు గుద్దుకుంటుంది. అయితే ఆ విమానం తన తప్పు ముందే చెప్పేస్తుంది. పైలట్ చేతిలోని స్టిక్ బరువుగా ఉంటుంది, ముక్కు లేవనంటుంది. వెనక మొగ్గు అలా కాదు. విమానం చురుగ్గా, తేలిగ్గా, ఇంకా కాస్త వేగంగా కూడా అనిపిస్తుంది. రెండు వేళ్లతో లాగితే ముక్కు లేస్తుంది. ఆ హాయిలోనే ముప్పు దాగి ఉంది. వేగం పడిపోయి స్టాల్ అయినప్పుడు, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోయినప్పుడు, ముక్కు తనంతట తాను కిందికి దిగదు. విమానం స్పిన్‌లోకి జారితే, వెనక మొగ్గు ఎక్కువైనకొద్దీ అది బల్లపరుపుగా గిరికీలు కొడుతుంది, రడ్డర్‌కూ ఎలివేటర్‌కూ లొంగకపోవచ్చు.

పెద్ద విమానాలూ దీనికి అతీతం కావు. హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరమో, కడపో వెళ్లే ఏటీఆర్-72 ఎక్కినవాళ్లు, నేల మీద ఉన్నప్పుడు దాని తోక కింద పెట్టే ఊతకర్రను చూసే ఉంటారు. ప్రయాణికులు వెనక తలుపు నుంచి ఎక్కుతారు కాబట్టి, అందరూ ఒకేసారి వెనక గుమిగూడితే తోక కూలబడకుండా ఆ ఏర్పాటు. ఖాళీలున్న రోజున ‘కొంచెం ఆ సీటులోకి మారతారా’ అని సిబ్బంది అడిగేది కూడా చాలాసార్లు ఈ లెక్క కోసమే. పొలాల్లో మందు చల్లే డ్రోన్ల ట్యాంకును సరిగ్గా నడిమధ్య కింద పెట్టడంలోనూ ఇదే జాగ్రత్త ఉంది. మందు ఖాళీ అవుతున్నా మొగ్గు మారకూడదు.

ఇంజన్ వెనకున్న విమానం

బర్ట్ రుటాన్ 1970ల్లో గీసిన వేరీఈజ్, లాంగ్-ఈజ్ విమానాల్లో ఎలివేటర్ ముందు, ఇంజన్, ప్రొపెల్లర్ వెనక ఉంటాయి. పైలట్ దిగిపోతే ముందు బరువు లేక విమానం వెనక్కి పడిపోతుంది. అందుకే ముందు చక్రాన్ని లోపలికి మడిచి, ముక్కు నేలకు ఆనించి నిలుపుతారు. మోకాళ్ల మీద కూర్చున్నట్టుండే ఆ రూపం ఇప్పటికీ ఏ విమానాల వేడుకలోనైనా జనాన్ని ఆపేస్తుంది.

ఇలాంటి విమానంలో ఇంజన్ దగ్గర పెంచిన ప్రతి కిలోకూ ముక్కులో జవాబు చెప్పాలి. కాస్త పెద్ద ఇంజన్, ఎలక్ట్రిక్ స్టార్టర్, అదనపు ఆల్టర్నేటర్ వచ్చాయంటే ముక్కులోకి సీసం రావాలి. అలా రెండు కొసలా పెరిగిన బరువుతో పరుగు దూరం పెరుగుతుంది, దిగే వేగం పెరుగుతుంది, రుటాన్ గీసిన తేలికైన విమానం మరేదో అయిపోతుంది.

మార్పు అంటే బరువు ఒక్కటే కాదని చెప్పిన ఘటన కూడా లాంగ్-ఈజ్‌దే. గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతుండగా 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో కూలిన విమానంలో, కట్టినవారు ఇంధనం మీటను రుటాన్ నమూనాలో ఉన్న చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. ట్యాంకు మార్చడానికి వెనక్కి తిరిగే ప్రయత్నంలో ఆయన కాలు రడ్డర్ పెడల్‌ను నొక్కి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. వస్తువు బరువే కాదు, మనిషి దాన్ని అందుకునే తీరు కూడా డిజైన్‌లో భాగమే.

రంగు వేస్తే

కొత్త రంగు బరువు లేనిదిగా అనిపిస్తుంది. మొత్తం విమానానికి ప్రైమర్‌తో సహా వేస్తే పది కిలోలు దాటడం మామూలే, అందులో తోక మీద పడేది ఎక్కువ దూరంలో ఉన్న బరువు. అంతకంటే ముఖ్యం, ఎలివేటర్, రడ్డర్, ఐలెరాన్ల వెనకంచుల మీద పేరుకునే రంగు. ఈ కదిలే పలకలకు వాటి కీళ్ల దగ్గర సొంత తూకం ఒకటి ఉంటుంది. అది చెడితే ఒక వేగం దగ్గర పలక దానంతట అదే కొట్టుకోవడం మొదలెడుతుంది. ఫ్లట్టర్ అనే ఆ కంపనం క్షణాల్లో తోకను విరిచేయగలదు. రంగు వేశాక పలకలను విప్పి తిరిగి తూచి బిగించడం చాలామంది వాయిదా వేసే పని. వేయకూడని వాయిదా.

మొత్తం బరువు విషయంలో ఇంకో తప్పు జరుగుతుంది. ఎక్స్‌పెరిమెంటల్ విమానానికి గరిష్ఠ బరువు ఎంతని రాసుకోవాలో అమెరికాలో కట్టినవాడే నిర్ణయించుకోవచ్చు. ఆర్‌వీ-7కు రూపకర్త చెప్పిన 816 కిలోలను పెంచి రాసుకోవడానికి చట్టం అడ్డు రాదు. కానీ రెక్క లోపలి స్పార్ దూలం ఆ కాగితం చదివి బలపడదు. గిరికీలు, పల్టీలు కొట్టాలంటే రూపకర్త అదే విమానానికి 726 కిలోలే అనుమతించాడు. తన బరువుకు ఆరు రెట్ల భారం మోయగలిగేది ఆ బరువులోనే.

మన దేశంలో ఇంటి విమానాలు చాలా తక్కువ. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ తాము ఉండే భవనం మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు, మరుసటి ఏడాది దానికి రిజిస్ట్రేషన్ సాధించారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పోటీలకు రిమోట్ విమానాలు కట్టే పిల్లలు రెక్క కింద రెండు వేళ్లు పెట్టి మొగ్గు చూసుకుంటారు. బ్యాటరీని రెండు సెంటీమీటర్లు ముందుకు తోసి మళ్లీ చూస్తారు. ఆ అలవాటు ఎంత విలువైనదో వాళ్లకు చెప్పాలనిపిస్తుంది.

మళ్లీ మొదటి నుంచి

పెద్ద మార్పు చేసిన విమానాన్ని అమెరికా నియమాలు తిరిగి పరీక్షల దశకు పంపుతాయి. కొత్త విమానం మొదట సాధారణంగా 25 లేదా 40 గంటలు జనం లేని ప్రాంతంలో ఎగిరి నిరూపించుకోవాలి. మార్పు తర్వాత కనీసం 5 గంటలు. ఈ గంటల్ని లెక్క పూర్తి చేయడానికి గడపడం కాకుండా, ఒక్కో మెట్టు ఎక్కుతూ వాడుకోవాలి. మొదట పైలట్ ఒక్కడే, సీజీ మధ్యలో. తర్వాత ఇసుక సంచులు కదలకుండా కట్టి కొంచెం వెనక్కి. తగినంత ఎత్తులో వేగం తగ్గించి స్టాల్ ఎలా వస్తుందో చూసి, స్టిక్ తేలికవడం ఎక్కడ మొదలైందో రాసుకుని, ఇంకో మెట్టు. విమానం తీరు మారిందనిపిస్తే కాగితం మీది హద్దు రాకముందే అక్కడ ఆగిపోవాలి.

పరీక్షలు అయ్యాక కొత్త తూకం కాగితం తేదీతో విమానంలో ఉండాలి. పాతదాని మీద ‘రద్దు’ అని రాసి లాగ్‌బుక్కులో భద్రపరచాలి. పారేయకూడదు. ఏ మార్పుతో ఎంత జరిగిందో చెప్పే చరిత్ర అదే.

ఇప్పుడు ఇంట్లో కట్టిన విమానాలు ఎన్నో రెండో, మూడో యజమానుల చేతుల్లో ఉన్నాయి. కట్టినవాడికి గుర్తున్న మార్పులు కొన్నవాడికి తెలియవు. సీటు మార్చి ఉండొచ్చు, తోకలో యాంటెన్నా పెట్టి ఉండొచ్చు, పాత కాగితంలో అవేవీ ఉండకపోవచ్చు. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ స్థానిక శాఖల్లో చాలావాటి దగ్గర కాటాలు ఉంటాయి, సభ్యులకు ఇస్తారు. పని ఒక పూటది. అలాంటి విమానం కొనబోయే వాళ్లు, అమ్మేవారి ఎదుటే దాన్ని మూడు కాటాల మీద నిలిపి, తమ బరువు, తమ పక్కన కూర్చునేవారి బరువు వేసి, ట్యాంకులు అడుగంటే దాకా లెక్క కట్టి, ఆ తర్వాతే ధర మాట్లాడాలి.